లౌకిక దేశమంటే మతం లేని దేశమా?

"మనది లౌకిక దేశమైతే ఇన్ని గుళ్ళు, మసీదులు, చర్చిలు ఎందుకు?" అని ఒకరు అడిగారు.

లౌకికమంటే జనానికి మతం వద్దని కాదు, ప్రభుత్వానికి సొంత మతం ఉండదని. రాజ్యాంగం 25వ అధికరణ ప్రకారం నచ్చిన మతాన్ని నమ్మొచ్చు, పాటించొచ్చు, ప్రచారం చేసుకోవచ్చు. శాంతిభద్రతలు, నైతికత, ప్రజారోగ్యం దెబ్బతినకూడదు. ఏదో ఒక మతాన్ని పెంచడానికి పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదని 27వ అధికరణ చెబుతుంది. 'లౌకిక' అన్న మాట పీఠికలోకి 1976లో వచ్చినా, ఈ హక్కులు 1950 నుంచీ ఉన్నవే.

మా విశాఖ పాత టౌన్‌కి వచ్చి హార్బర్ వైపు చూడండి. పక్కపక్కనే మూడు కొండలు. రాస్ హిల్ మీద చర్చి, దర్గా కొండ మీద ఇసాక్ మదీనా దర్గా, ఇంకో కొండ మీద వెంకన్న గుడి. దర్గాకి హిందువులూ వెళ్ళి మొక్కుకుంటారు. ఆ దగ్గర్లోనే బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారికి గర్భగుడి పైకప్పు లేదు, ఎవరైనా తమ చేత్తోనే పసుపు కుంకుమలు పెట్టొచ్చు. నాకు ఊళ్ళో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అది. భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండల మీదైతే 2000 ఏళ్ళనాటి బౌద్ధారామాల శిథిలాలున్నాయి.