బైపాస్‌కి నాలుగున్నర లక్షలు అడుగుతున్నారు, పొలం అమ్మక తప్పదా?

మీరు రాసిన దాని ప్రకారం మీ నాన్నగారికి యాంజియోగ్రామ్‌లో మూడు గుండె నాళాలు పూడుకుపోయాయని తేలింది. బైపాస్ చెయ్యాలన్నారు. హైదరాబాద్‌లోని ప్రైవేట్ ఆస్పత్రి నాలుగున్నర లక్షలు చెప్పింది. తెల్ల రేషన్ కార్డు ఉంది, ఇన్సూరెన్స్ లేదు. ఉన్న ఎకరం అమ్మాలా, మూడు రూపాయల వడ్డీకి అప్పు తేవాలా అని అడిగారు.

ఇవాళ ఆ రెండూ చెయ్యొద్దు. అడ్వాన్స్ కూడా కట్టొద్దు. ముందు డాక్టర్‌ని ఒక్క మాట అడగండి: "సార్, వారం పది రోజులు ఆగితే ప్రాణానికి ప్రమాదమా?" మిగతాదంతా ఆ జవాబును బట్టే ఉంటుంది. ఆపరేషన్ ఖర్చుకు మన దగ్గర ఉన్న దారుల్లో చాలావరకు ఆపరేషన్‌కి ముందే తెరిచి ఉంటాయి. ఒకసారి క్యాష్ పేషెంట్‌గా చేరి, ఆపరేషన్ అయిపోయాక వెళ్లి అడిగితే దాదాపు అన్నీ మూసుకుపోతాయి.

మా నాన్నకీ ఇదే జబ్బు. మెట్లెక్కితే ఛాతీ పట్టేసేది. యాంజియో అయిన సాయంత్రమే కౌన్సెలింగ్ రూమ్‌కి పిలిచి, ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టి, పొద్దున్నే థియేటర్ స్లాట్ ఖాళీగా ఉంది, ఈ రాత్రికే డబ్బు కడితే బుక్ చేస్తామన్నారు. అమ్మ అప్పటికే మెడలో గొలుసు తీసి చేతిలో పట్టుకుంది. మా బాబాయి మాత్రం రౌండ్స్‌కి వచ్చిన కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్లి పైన చెప్పిన ప్రశ్నే అడిగాడు. ఆయన తడుముకోకుండా జవాబిచ్చారు. పేషెంట్ నిలకడగా ఉన్నాడు, మందులు వాడుతూ, బరువులెత్తకుండా ఉంటే రెండు మూడు వారాల్లో చేయించుకోవచ్చు అన్నారు. కౌన్సెలింగ్ రూమ్‌లో చెప్పినదానికీ, డాక్టర్ చెప్పినదానికీ అంత తేడా. అందుకే చెబుతున్నాను, ఆ ప్రశ్న డాక్టర్‌నే అడగండి, కౌంటర్‌లో కాదు.

అయితే అందరికీ ఆగే వీలుండదు. కదలకుండా పడుకున్నా నొప్పి వస్తున్నా, లెఫ్ట్ మెయిన్ అనే పెద్ద నాళంలోనే పూడిక ఉందన్నా, హార్ట్ ఎటాక్ వచ్చి చేరినా డాక్టర్ ఆగొద్దంటారు. అప్పుడు ఎక్కడున్నారో అక్కడే చేయించండి. అదే ఆస్పత్రి ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్‌లో ఉంటే, చేరిన వెంటనే అక్కడి ఆరోగ్యమిత్రకు (ఈ పథకం పనులు చూసిపెట్టడానికి ఆస్పత్రిలో ఉండే మనిషి) చెప్పండి. అత్యవసర కేసులకు ఫోన్ మీద అనుమతి తీసుకునే పద్ధతి ఉంది. లోపలి వాళ్లు చెబుతారులే అని కూర్చోవద్దు, మీరే వెళ్లి అడగాలి.

ఆగొచ్చు అంటే మాత్రం డిశ్చార్జ్ సమ్మరీ, యాంజియోగ్రామ్ రిపోర్టు, దాంతోపాటు సీడీ తీసుకుని బయటికి రండి. సీడీ తప్పకుండా అడగండి. రిపోర్టు కాగితం ఒక్కటే ఉంటే వేరే సర్జన్ నాళాలు చూడలేరు, మళ్లీ యాంజియో చెయ్యాలంటారు. అది మీ డబ్బు, నాన్నగారి ఒంటికి శ్రమ. పేషెంట్ రికార్డులు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని డాక్టర్లకు 2002 నుంచీ నిబంధన ఉంది. సీడీ ఇవ్వడానికి ఎవరైనా నసిగితే ఆ మాట గుర్తు చెయ్యండి.

ఇక ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన పథకం ఇది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పెంచారు. బైపాస్ దీని కిందికి వస్తుంది. మీకు రేషన్ కార్డు ఉంది కాబట్టి మొదటి దారి ఇదే. ఆంధ్రలో ఉన్నవాళ్లకు ఇదే పథకం ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. రెండు చోట్లా 104కి ఫోన్ చేస్తే మీ దగ్గర్లో ఏ ఆస్పత్రిలో గుండె ఆపరేషన్లు దీని కింద చేస్తున్నారో చెబుతారు.

ఇది ఎలా నడుస్తుందో తెలిస్తే సగం కంగారు పోతుంది. నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది. కార్డు, ఆధార్, రిపోర్టులు అక్కడ చూపించాలి. ఆస్పత్రి వాళ్లు కేసు వివరాలు ఆన్‌లైన్‌లో పంపితే పథకాన్ని నడిపే ఆరోగ్యశ్రీ ట్రస్టు డాక్టర్లు చూసి అనుమతిస్తారు. దాన్నే ప్రీ-ఆథ్ అంటారు. అది వచ్చాకే ఆపరేషన్. అడ్మిషన్ కౌంటర్‌లో మొట్టమొదట అడిగే మాట "క్యాషా, ఇన్సూరెన్సా, ఆరోగ్యశ్రీయా?" అని. అక్కడ మీరిచ్చే జవాబు ఫైలు మీద పడుతుంది. క్యాష్ అని పడ్డ ఫైలును మధ్యలో ఆరోగ్యశ్రీకి మార్పించడం గగనమైపోతుంది, కట్టిన డబ్బు వెనక్కి రావడం ఇంకా కష్టం. పరీక్షలు, మందులు, పేషెంట్ భోజనం, ఇంటికి వెళ్లే చార్జీలు కూడా ప్యాకేజీలోనే ఉంటాయి. పైన డబ్బు అడిగితే రసీదు అడగండి, 104కి ఫిర్యాదు చెయ్యండి. కొన్ని ఆపరేషన్లకు ఏడాది పాటు ఫాలో-అప్ కూడా ఉచితమే. డిశ్చార్జ్ రోజు సంతోషంలో ఈ సంగతి అడగడం మరిచిపోతారు. ఫాలో-అప్‌కి ఎప్పుడు రావాలో ఆరోగ్యమిత్రనే అడిగి రాయించుకోండి.

ఇందులో ఇబ్బందులు లేవని చెప్పను. ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేసిన సందర్భాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. "ఆరోగ్యశ్రీ బెడ్లు ఖాళీ లేవు, క్యాష్ అయితే రేపే చేస్తాం" అనే మాట మేమూ విన్నాం. అలా అన్నచోట వాదనకు దిగి రోజులు పోగొట్టుకోవద్దు, ఇంకో ఆస్పత్రికి వెళ్లండి. మా నాన్నకి చివరికి నిమ్స్‌లో జరిగింది, ఆరోగ్యశ్రీలోనే. తారీఖు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఆయన రాత్రి పక్కకి తిరిగినా అమ్మ లేచి కూర్చునేది. కానీ ఆయన ఇంటికి తిరిగొచ్చినప్పుడు పొలం పొలంలాగే ఉంది. ఇప్పటికీ కౌలుకివ్వకుండా తనే చూసుకుంటున్నాడు.

పెద్ద ప్రభుత్వ ఆస్పత్రులంటే చాలామంది మొహం చిట్లిస్తారు. వార్డులో రద్దీ నిజమే, తోడుండేవాళ్లకు నడుం వాల్చే చోటుండదు, అదీ నిజమే. కానీ ఆపరేషన్ చేసే చేతులు రోజూ అదే పని చేస్తున్న చేతులు. సర్జన్‌ని చూసి ఆస్పత్రిని ఎంచుకోండి, లాబీని చూసి కాదు.

నాన్నగారికి 70 ఏళ్లు నిండాయా? మీరు వయసు రాయలేదు. నిండితే 2024 అక్టోబర్ నుంచి ఆయుష్మాన్ వయ వందన కార్డు కింద ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది. ఆధార్ ఉంటే చాలు.

పుట్టపర్తి సంగతి కూడా చెప్పాలి. అక్కడి శ్రీ సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి 1991 నవంబర్‌లో మొదలైంది. గుండె ఆపరేషన్లు పైసా తీసుకోకుండా చేస్తారు. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోనూ ఇలాంటిదే ఉంది. రిపోర్టులు, సీడీ పట్టుకుని వెళ్లాలి. వరుస ఉంటుంది కాబట్టి ఆగగలిగిన కేసుకే ఇది.

ఆరోగ్యశ్రీలో లేని ఆపరేషన్ అయితే, లేదా ఏ కారణం వల్లో అది కుదరకపోతే, ముఖ్యమంత్రి సహాయనిధి ఉంది. ఇందులో రెండు రకాలున్నాయి, జనం రెంటినీ కలిపేస్తారు. ఒకటి ఎల్‌ఓసీ, అంటే ఆస్పత్రికి ప్రభుత్వం ఇచ్చే హామీ పత్రం. ఆపరేషన్‌కి ముందే, నిమ్స్ లాంటి ప్రభుత్వ ఆస్పత్రి డాక్టర్ సంతకంతో ఖర్చు అంచనా తీసుకుని, ఎమ్మెల్యే సిఫారసు లేఖతో పెట్టుకోవాలి. మంజూరైతే ఆ మొత్తానికి ప్రభుత్వమే ఆస్పత్రికి హామీ ఇస్తుంది, మీరు చేతి నుంచి పెట్టక్కర్లేదు. రెండోది రీయింబర్స్‌మెంట్. ప్రైవేట్‌లో మీరు కట్టేశాక, ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ ఎమ్మెల్యే ఆఫీసులో ఇస్తే దరఖాస్తు వెళ్తుంది. ఇది నెలల తర్వాత, బిల్లులో కొంత భాగంగా మాత్రమే వస్తుంది. "కట్టెయ్యండి, సీఎం ఫండ్ వచ్చేస్తుంది" అని ఆస్పత్రిలో ఎవరైనా చెబితే ఆ భరోసాతో అప్పు చెయ్యొద్దు.

ఇవన్నీ చూశాక కూడా ప్రైవేట్‌లోనే చేయించాలనుకుంటే, ప్యాకేజీ అంకె విని తల ఊపకండి. ఎన్ని రోజులకి ఈ ప్యాకేజీ? అందులో ఐసీయూ ఎన్ని రోజులు? దాటితే రోజుకి ఎంత? రక్తం, మందులు, డిస్పోజబుల్స్ (ఒకసారి వాడి పారేసే సామాన్లు) అందులోనేనా? వెంటిలేటర్ మీద ఎక్కువ సేపు ఉంచాల్సి వస్తే? జవాబులు అదే కాగితం వెనక రాసి సంతకం చెయ్యమనండి. బైపాస్‌లో లెక్క తప్పేది ఎక్కువగా ఐసీయూ దగ్గరే. షుగర్ ఉన్నవాళ్లకు, కిడ్నీ కొంచెం బలహీనంగా ఉన్నవాళ్లకు రోజులు పెరగొచ్చు, మీ నాన్నగారికి అవి ఉంటే ముందే లెక్కేసుకోండి.

ఎవరైనా బైపాస్ బదులు స్టెంట్లు (నాళం మూసుకుపోకుండా లోపల పెట్టే చిన్న గొట్టాలు) సరిపోతాయంటే, స్టెంట్ ధరకు ప్రభుత్వ పరిమితి ఉందని తెలుసుకోండి. 2017 ఫిబ్రవరిలో మందు పూత ఉన్న స్టెంట్‌కి 29,600 రూపాయలుగా నిర్ణయించారు, తర్వాత ఆ అంకెను సవరిస్తూ వస్తున్నారు. అంతకుముందు అదే లక్ష దాటి అమ్మేవారు. కానీ పరిమితి స్టెంటుకే, ప్రొసీజర్ చార్జీలకు కాదు. అందుకే బిల్లులో స్టెంట్ ధర విడిగా చూపించమనండి. స్టెంటా, బైపాసా అన్నది మాత్రం ధరను బట్టి తేల్చుకునే విషయం కాదు. ఆ సీడీ ఇంకో కార్డియాలజిస్టుకి చూపించి అడగండి.

అప్పు గురించి. మూడు రూపాయల వడ్డీ వినడానికి చిన్నగా ఉంటుంది, ఏడాదికి అది నూటికి 36. నాలుగున్నర లక్షల మీద ఏడాది తిరిగేసరికి వడ్డీయే 1,62,000. ఆపరేషన్ అయిన మనిషి కొన్ని నెలలు పనికి వెళ్లలేడు, తోడున్నవాళ్ల కూలీ కూడా పోతుంది, సరిగ్గా అప్పుడే ఈ వడ్డీ మొదలవుతుంది. తప్పదంటే ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టండి, వడ్డీ ఇందులో సగం కూడా ఉండదు. మీకో, మీ అన్నదమ్ములకో ఉద్యోగం ఉండి పీఎఫ్ కడుతుంటే తల్లిదండ్రుల వైద్యానికి అడ్వాన్స్ తీసుకోవచ్చు, దాన్ని తిరిగి కట్టక్కర్లేదు. పొలం ఆఖరు. ఆస్పత్రి కోసం అమ్ముతున్నారని ఊళ్లో తెలిస్తే కొనేవాడు ధర దించేస్తాడు, ఇది మా పక్కింట్లో కళ్లారా చూశాను.

ఇంట్లో మిగతావాళ్లకు మాత్రం ఇన్సూరెన్స్ ఇప్పుడే చూడండి. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు కాబట్టి నాన్నగారి ఈ ఆపరేషన్‌కి అది పనికిరాదు, ఆరోగ్యంగా ఉన్నప్పుడు తీసుకున్నవాళ్లకే పనికొస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు.

ఈ రోజే చెయ్యాల్సిన పని ఒకటుంది. రేషన్ కార్డులో నాన్నగారి పేరు ఉందా, ఆధార్‌లో ఉన్నట్టే ఉందా చూడండి. ఇంటి పేరు, పుట్టిన సంవత్సరం కూడా. తేడా ఉంటే ప్రీ-ఆథ్ దగ్గర ఆగిపోతుంది, సరిచేయించడానికి మీసేవకు వెళ్లాలి, దానికీ సమయం పడుతుంది. డాక్టర్ ఎంత గడువు ఇచ్చారో, మీది ఏ జిల్లానో, నాన్నగారి వయసెంతో కింద రాయండి. నాకు తెలిసినంతలో ముందు ఎక్కడికి వెళ్లాలో చెబుతాను.