ఆయన నిజంగానే నిద్రపోయాడు

క్రీస్తునందు ప్రియమైన తమ్ముడికి, వందనాలు.

యేసు గురించి నువ్వు రాసిన పుస్తకం రాతప్రతి అందింది. పెద్ద అక్షరాల్లో డీటీపీ చేయించి పంపినందుకు నా కళ్లు నీకు రుణపడి ఉంటాయి. భాష శుభ్రంగా ఉంది. మెచ్చుకోలు ఇంతటితో సరిపెట్టుకో, మూడో అధ్యాయం నాకు ఒళ్లు మండించింది.

గలిలయ సముద్రం అనే పెద్ద సరస్సు మీద తుపాను ఘట్టం. "శిష్యుల విశ్వాసాన్ని పరీక్షించుటకై ప్రభువు నిద్రపోతున్నట్టు నటించెను" అని రాశావు. ఎవరు చెప్పారు నీకు? సువార్త రాసిన మార్కు చెప్పలేదే! ఆయన నాలుగో అధ్యాయం మొదటినుంచీ చదువు. ఆ రోజంతా ఆయన దోనెలో కూర్చుని, ఒడ్డున కిక్కిరిసిన జనానికి ఉపమానాలు చెప్పాడు. విత్తువాడు, దీపం, ఆవగింజ, అన్నీ అప్పుడే. సాయంకాలమయ్యాక శిష్యులు ఆయన్ని "ఉన్నపాటున" తీసుకుపోయారంటాడు మార్కు. అంటే దిగి ఒక ముద్ద తిన్నాడో లేదో కూడా తెలీదు. 1986లో కరువొచ్చి ఆ సరస్సు నీళ్లు బాగా తగ్గినప్పుడు, గిన్నోసార్ దగ్గర బురదలో ఆ కాలం నాటి చేపల పడవ ఒకటి బయటపడింది. దాదాపు 27 అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు. అంత చోటులో ఆయన, శిష్యులు, తెడ్లు, తాళ్లు. చుట్టూ ఉన్న కొండల మీంచి గాలి ఉన్నట్టుండి దిగుతుంది, అలలు లోపలికే కొడతాయి. అందులో అమరం దగ్గర, అంటే పడవ వెనక భాగంలో, తలగడ మీద తల వాల్చి ఒకాయన నిద్రపోతున్నాడంటే ఎంత అలిసిపోయి ఉండాలి! రోజంతా గొంతు చించుకున్న మనిషి నిద్ర అది. ఇదే కథ చెప్పిన మత్తయి, లూకా తలగడ ఊసెత్తలేదు, మార్కు ఒక్కడే రాశాడు. చూసినవాడెవడో చెప్పకపోతే తలగడ ఎక్కణ్నుంచి వస్తుంది? నువ్వు ఆ తలగడ తీసేసి, దాని స్థానంలో నటన పెట్టావు.

నీ భయమేంటో నాకు తెలుసు. "ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు" అని 121వ కీర్తన. కునుకని దేవుడు దోనెలో కునికితే ఎలా అని నువ్వు కంగారుపడి, దేవుడి పరువు కాపాడబోయావు. మనం చిన్నప్పటినుంచీ విన్న కథల్లో దేవుడు లీల ఆడతాడు, ఏడ్చినట్టు, ఓడినట్టు కనిపిస్తాడు. ఆ అలవాటు కూడా నీ కలంలోకి జారి ఉంటుంది. సువార్త చెప్పేది అది కాదు. వాక్యము శరీరధారి అయ్యెను అన్నాడు యోహాను. వేషం వేసుకున్నాడు అనలేదు.

ఇది నీతో మొదలైన జబ్బేం కాదులే. మొదటి శతాబ్దం ముగిసేనాటికే "క్రీస్తుకి శరీరం ఉన్నట్టు కనిపించింది అంతే" అనేవాళ్లు తయారయ్యారు. బైబిల్లోని యోహాను మొదటి పత్రిక, అంటే ఉత్తరం, దాని కోపమంతా వాళ్ల మీదే. తర్వాత కొద్దికాలానికి అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్‌ని సైనికులు రోముకి తీసుకుపోతున్నారు, క్రూరమృగాలకి వేయడానికి. దారిలో సంఘాలకి ఉత్తరాలు రాశాడు. వాటిలో ఒకచోట ఆయన అడిగే ప్రశ్న సారాంశం ఇది: ప్రభువు బాధపడినట్టు కనిపించాడే తప్ప నిజంగా బాధపడలేదంటారా, అయితే నేనెందుకు ఈ సంకెళ్లలో ఉన్నాను? ఊరికే చస్తున్నానా? కాళ్లకి ఇనుము తగులుతున్న మనిషి అడిగిన ప్రశ్న అది. దానికి నీ మూడో అధ్యాయంలో జవాబు లేదు.

ఆరో అధ్యాయంలో మళ్లీ అదే పని. సిలువ మీద "దైవకుమారుడు గనుక ఆయనకు నొప్పి తెలియలేదు" అట! 1968లో యెరూషలేముకి ఉత్తరంగా ఒక సమాధిలో, ఎముకల పెట్టెలో, సిలువ వేయబడిన ఒక మనిషి మడమ ఎముక దొరికింది. ఇనుప మేకు ఇంకా అందులోనే దిగి ఉంది, కొస వంకర తిరిగి. ఆ ఫొటో వెతికి చూడు. చూశాక నీ పేరా నువ్వే కొట్టేస్తావు.

నాలుగో శతాబ్దంలో అపొల్లినారిస్ అనే ఆయన, యేసుకి శరీరం మనిషిదే గానీ మనసు మాత్రం మనిషిది కాదన్నాడు. దానికి నజియాంజస్ గ్రెగొరీ అనే వేదాంతి ఇచ్చిన జవాబు ఇప్పటికీ నా బల్ల ముందు గోడకి ఉంది: ఆయన దేన్ని తన మీద వేసుకోలేదో అది బాగుపడలేదు. భయం ఆయన తీసుకోకపోతే నా భయానికి రక్షణ లేదు. అలసట తీసుకోకపోతే పొలం నుంచి వచ్చి ఆరాధనలో తూగే మా కూలీ అక్కల అలసట ఆయనకి పరాయిదే. హెబ్రీ పత్రిక పట్టుబట్టి చెప్పేదీ ఇదే, మనలాగే శోధించబడ్డాడు గనుకే మనకి సాయం చేయగలడని.

ఒకసారి మా పక్క ఊళ్లో పొలం మోటారు దగ్గర కరెంటు కొట్టి కుర్రాడు పోయాడు. మరణ కూడికకి వెళ్లాను. పాస్టరుగారు ఆ తల్లితో "విశ్వాసులం, ఏడవకూడదమ్మా" అంటున్నారు. ఆమె నోట్లో కొంగు కుక్కుకుంది. మూలన కూర్చున్న ఒక ముసలమ్మ లేవకుండానే, "లాజరు కాడ యేసయ్యే ఏడిచాడు, దీన్నెందుకయ్యా ఆపుతావు" అంది. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు. ఆ తల్లి మాత్రం అప్పుడు గట్టిగా ఏడ్చింది. ఆ ముసలమ్మకి అక్షరం రాదు. నీ ఎనిమిదో అధ్యాయంలో, చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు "లోకానికి మాదిరి చూపుటకు" అని ఉంది. ఆవిడకి చదివి వినిపించే ధైర్యం నీకుందా?

నా పాత గాయం ఒకటి చెప్పాలి. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటూ రాత్రిళ్లు రాసుకునే రోజుల్లో, ఒక సంఘ మాసపత్రికకి సమరయ స్త్రీ గురించి వ్యాసం పంపాను. అచ్చయి వచ్చాక చూస్తే "యేసు అలసిపోయి బావి దగ్గర కూర్చున్నాడు" అన్న వాక్యం మాయం. వెళ్లి అడిగాను. దేవునికి అలసట అంటగట్టకూడదన్నారు సంపాదకులు. యోహాను సువార్త నాలుగో అధ్యాయం ఆరో వచనం తీసి ముందు పెట్టాను. "బైబిల్లో ఉంటే ఉండనీవయ్యా, మన పత్రికలో ఎందుకు?" అన్నారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది, నాకింకా ఆ కోపం పోలేదు. ఇప్పటివాళ్లు ఇంకా నయం, కత్తిరించరు. మహోన్నతుడు, మహాఘనుడు, ఆశ్చర్యకరుడు, అద్భుతకరుడు అని వరసగా విశేషణాలు పేర్చి, వాటి కింద మనిషిని కనపడకుండా చేస్తారు. యూట్యూబ్‌లో అరగంట వింటే ఒక్క క్రియాపదం దొరకదు.

"మనిషి అని ఇంత నొక్కి రాస్తే దైవత్వం తగ్గదా అన్నా?" అని అడిగావు. తగ్గదు. అదే మార్కు, నిద్రలేచినాయన గాలిని గద్దించి, సముద్రాన్ని నోరు మూసుకోమన్నాడని మరుసటి వచనంలోనే రాశాడు. తుపాను ఆపేది యెహోవా ఒక్కడే అని 107వ కీర్తన పాడుకుంటూ పెరిగినవాళ్లు ఆ శిష్యులు. అందుకే గాలి ఆగాక వాళ్లకి భయం ఎక్కువైంది. "ఈయన ఎవరో" అనుకున్నారు. తలగడ, గద్దింపు రెండూ ఒకే మనిషివి. 451లో కల్కెదోనులో కూడిన బిషప్పుల సభ చెప్పింది కూడా ఇంతే: పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి, ఒక్కడే వ్యక్తి; రెండు స్వభావాలు కలగాపులగం కావు, విడిపోవు.

325లో నైసియాలో కూడిన బిషప్పుల సభలో ఓట్లేసి యేసుని దేవుణ్ణి చేశారని వాట్సాప్‌లో తిరిగే మాటకి భయపడి నువ్వు ఒక అధ్యాయమంతా ఖర్చుపెట్టావు. ఒక్క పేరా చాలు. నైసియాకి రెండు వందల ఏళ్ల ముందే బితునియ అనే ప్రాంతానికి రోమా అధిపతి ప్లినీ, క్రైస్తవులు తెల్లారకముందే కూడి క్రీస్తుని దేవుడిగా పాడుతున్నారని ట్రాజన్ చక్రవర్తికి రాశాడు. క్రైస్తవుల మీద ప్రేమ ఉన్నవాడు కాదు, వాళ్లని విచారించి చంపించినవాడు. నైసియాలో తగువు, కుమారుడు తండ్రితో సమానుడా, లేక ఆరియస్ అనే బోధకుడు అన్నట్టు అన్నిటికంటే ముందు పుట్టించబడిన సృష్టా అని. సృష్టి అయితే మనకోసం చచ్చింది దేవుడు కాదు, దేవుడు పంపిన ఇంకెవరో. ఆ తేడా కోసమే అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ ఐదుసార్లు బహిష్కరణ పాలయ్యాడు.

పునరుత్థానం అధ్యాయం ముట్టుకోకు. కాల్చిన చేపముక్క తిన్నాడన్నది ఉంచావు, గాయాలు ఉంచావు. ఆ దేహం ఆయన ఇంకా విడిచిపెట్టలేదని ఒక వాక్యం చేర్చు, మనవాళ్లు చాలామందికి ఆ సంగతే తెలీదు.

ముందుమాట ఎవరితో రాయించాలన్నది, ముఖచిత్రం సంగతీ నన్ను అడక్కు. మూడు, ఆరు, ఎనిమిది తిరగరాసి పంపు. సిలువ మీద ఆయన పలికిన ఏడు మాటల్లో "దప్పిగొనుచున్నాను" వదిలేశావు, అది రాయి. ఈస్టరుకి పుస్తకం రావాలని ప్రెస్సువాడు తొందరపెడితే వచ్చే ఈస్టరు కూడా ఉందని చెప్పు.

ప్రభువులో నీ అన్న