సైన్సు తెలుగులో చెబుతుంది, ఇంగ్లీషులో రాయలేకపోతోంది

ప్రశ్న: మా పాప ఏడో తరగతి దాకా ఊళ్లో ప్రభుత్వ బడిలో చదివింది. పేరుకు ఇంగ్లీషు మీడియమే అయినా సార్లు పాఠం తెలుగులోనే చెప్పేవారు. ఈ ఏడు తిరుపతికి వచ్చి ప్రైవేటు స్కూల్లో ఎనిమిదిలో చేర్పించాం. ఇక్కడ అంతా ఇంగ్లీషే, తెలుగు మాట్లాడితే ఫైన్ వేస్తున్నారు. సైన్సు జవాబులు బట్టీ పట్టి రాస్తోంది కానీ ప్రశ్న కొంచెం మార్చి అడిగితే బిక్కమొహం వేస్తోంది. ఇంట్లో తెలుగులో చెప్పొద్దని టీచర్లు అంటున్నారు. ఒకటే టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ఇంట్లో తెలుగులో చెప్పడం మానకండమ్మా. పాప నెత్తిన ఒకేసారి రెండు పనులు పడ్డాయి, సైన్సు అర్థం చేసుకోవడం ఒకటి, దాన్ని ఇంగ్లీషులో పెట్టడం ఇంకొకటి. రెండోది రాకపోతే మొదటిదీ రాలేదని అందరూ అనేసుకుంటున్నారు. ఘర్షణ పాఠమే తీసుకోండి. తిరుమల నుంచి బస్సు దిగేటప్పుడు డ్రైవరు చిన్న గేరులోనే ఎందుకు నడుపుతాడని అడగండి. అదేపనిగా బ్రేకు తొక్కితే రాపిడికి వేడెక్కిపోయి సరిగ్గా పట్టవు అని తెలుగులో చెప్పగలిగిందంటే పాఠంలో ముఖ్యమైంది వచ్చేసినట్టే. ఇక కావలసింది ఫ్రిక్షన్, సర్ఫేస్, హీట్ లాంటి ఐదారు మాటలు, వాటిని కలిపే రెండు మూడు వాక్యాల మొదళ్లు. ఆ మొదళ్లు కాగితం మీద రాసిచ్చి, మిగతాది తననే పూర్తి చేయమనండి. తప్పులు వస్తాయి, రానివ్వండి, దిద్దుకోవచ్చు. బట్టీ పట్టి రాసిన దాంట్లో మాత్రం పాపకు ఎక్కడ అర్థం కాలేదో మీకూ తెలియదు, టీచరుకూ తెలియదు.

ఇందుకు పనికొచ్చేవి మన ప్రభుత్వ బడి పుస్తకాలే. 2020-21 నుంచి ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో వేస్తూ వచ్చారు. ఎవరి దగ్గరైనా పాతది దొరికితే తెచ్చుకోండి. ముందు తెలుగు పేజీ చదివించి, పుస్తకం మూసి తన మాటల్లో చెప్పించి, ఆ తర్వాతే ఇంగ్లీషు పేజీకి వెళ్లండి.

మొదటి నుంచీ ఇంగ్లీషులోనే ముంచెత్తితే అదే వచ్చేస్తుందని చాలామంది కెనడాను చూపిస్తుంటారు. 1965లో మాంట్రియల్ దగ్గర సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు పిల్లలకు ఫ్రెంచిలో చదువు మొదలుపెట్టిన మాట నిజమే. కానీ అక్కడ మొదట్లో పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడినా టీచరుకు అర్థమయ్యేది, వాళ్లనెవరూ శిక్షించలేదు. ఈ సంగతి వదిలేసి మిగతాది చెబుతారు! తోటివాళ్లతో మాట్లాడే ఇంగ్లీషు రెండేళ్లలో వచ్చినా, పాఠం చదివి కారణాలు రాసే ఇంగ్లీషుకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు చెప్పారు. అదీ చుట్టూ ఇంగ్లీషే వినిపించే దేశానికి వలస వెళ్లిన పిల్లల సంగతి. మన పాప ఈ ఏడే కదా చేరింది, కొన్ని నెలల్లో రావాలంటే ఎలా?

ఇక ఫైన్ గురించి. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంత వరకు మాతృభాషలో బోధించాలనీ, పిల్లలకు భయం, ఆందోళన లేకుండా చూడాలనీ చెబుతోంది. ఆ మాట హెడ్‌మాస్టరుకు మర్యాదగానే గుర్తుచేయండి, వీలైతే మరో నలుగురు తల్లిదండ్రులను కలుపుకుని వెళ్లండి.

ప్రశ్న: మా క్లాసులో సగం మంది ఇంట్లో తమిళం మాట్లాడతారు. బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. నాకు తమిళం మాట్లాడడం వచ్చు. లెక్కలు చెప్పేటప్పుడు వాడొచ్చా?
- ఒక టీచరు, నగరి

జవాబు: తప్పకుండా వాడండి మేడమ్. అయితే ఒకే వాక్యంలో మూడు భాషలూ కలపకండి, పిల్లలకు ఏదీ పూర్తిగా అందదు. భిన్నాలైతే అంగట్లో వాళ్లు రోజూ వినే కాల్ (పావు), అరై (అర), ముక్కాల్ (ముప్పావు) దగ్గర మొదలుపెట్టండి. తమిళం పిల్లలను ఒకచోట కూర్చోబెట్టి లెక్కను కాసేపు వాళ్ల భాషలోనే మాట్లాడుకోనిచ్చి, చేసిన పద్ధతిని తెలుగులో క్లాసుకు చెప్పించి, చివరికి ఇంగ్లీషులో రాయించండి. పేపర్లు దిద్దేటప్పుడు తప్పు లెక్కలో ఉందా, ఇంగ్లీషులో ఉందా అని విడివిడిగా గుర్తు పెట్టుకోండి. ఎవరికి ఏది మళ్లీ చెప్పాలో దాన్నిబట్టే తెలుస్తుంది.