ఆఫీసు సిస్టమ్‌లో నెట్‌వర్క్ పాప్-అప్‌లు ఆపేముందు ఏది ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి

పని మధ్యలో నెట్‌వర్క్ మెసేజ్‌లు మీద పడుతున్నాయి, అన్నీ ఒకేసారి ఆపేదెట్లా అని అడిగినారు. అన్నిటికీ కలిపి ఒక్క స్విచ్ లేదండీ, ఉన్నా నేనైతే నొక్కొద్దనే చెప్తా. పెట్టె ఏ మూల లేచింది, పైన ఏం రాసుంది, అది చూడండి ముందు.

మా అనంతపురం ఆఫీసులో విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో స్క్రీన్ మధ్యలో బూడిద రంగు పెట్టె వచ్చేది, పైన 'మెసెంజర్ సర్వీస్' అని, కింద ఒకే ఒక్క ఓకే బటన్. పక్క గదిలో ఎవరైనా 'నెట్ సెండ్' అనే కమాండ్ కొడితే చాలు, మన ముందర ప్రత్యక్షం. విండోస్‌లోని సర్వీసెస్ లిస్టులోకి పోయి మెసెంజర్‌ను డిసేబుల్ చేస్తే పోయేది. 2004లో ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 2 అనే అప్‌డేట్ వచ్చినాక అది మామూలుగానే ఆగి ఉండేది, తర్వాతొచ్చిన విండోస్ విస్టా నుంచి అసలు లేదు. ఇంకా ఆ చిట్కానే చెప్పేవాళ్లున్నారు, మీది విండోస్ 10 గానీ 11 గానీ అయితే ఆ పేరు వెతకడం దండగ.

కుడి పక్క కింద మూలలో 'మీ కంప్యూటర్‌కు వైరస్' అని భయపెట్టేది చాలావరకు నెట్‌వర్క్‌ది కాదు, బ్రౌజర్‌ది. మా అకౌంట్స్ అక్కకు రోజంతా ఇదే టెన్షన్. దగ్గరగా చూస్తే మెసేజ్‌లోనే చిన్న అక్షరాల్లో ఏదో సైటు పేరు ఉంది, ఎప్పుడో దానికి 'అలౌ' నొక్కినట్టుంది. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరకు పోయి, ఆ పేరు పక్కన మూడు చుక్కలు నొక్కి బ్లాక్ చేసినాము, అంతే. అందులో ఫోన్ నంబరు ఇచ్చుంటే మాత్రం దయచేసి దానికి ఫోన్ చేయొద్దు.

ప్రింట్ కొట్టినప్పుడల్లా వచ్చేదైతే ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ చూడండి, నెట్‌వర్క్ ప్రింటర్ల నోటిఫికేషన్స్‌కు టిక్ ఉంటుంది, తీసేయండి.

ఒక్కదాన్ని మాత్రం ఆపొద్దు. ఎండాకాలం కరెంటు పోయి సర్వర్ యూపీఎస్ మీద నడుస్తుంటే, మా సిస్టమ్స్ చూసే పిల్లోడు 'సర్వర్ ఆపుతున్నా, సేవ్ చేసుకోండి' అని ఎంఎస్‌జీ కమాండ్‌తో అందరికీ పంపుతాడు. నెలాఖరు లెక్కల మధ్యలో ఆ ఒక్క పెట్టె రాకపోతే పొద్దున్నించి కొట్టిందంతా పోతుంది. అవసరం లేనివి కూడా పంపుతుంటే సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టకుండా, 'ఏమప్పా, అర్జెంటువి మాత్రమే పంపు' అని నేరుగా చెప్పండి, వింటారు.

సెట్టింగ్ నొక్కనీయకుండా మసకగా ఉందంటే ఆఫీసువాళ్లే పాలసీ పెట్టింటారు, అడ్మిన్‌నే అడగాల. ఇవేవీ కాకపోతే ఆ పెట్టెను ఫోటో తీసి పెట్టండి, చూసి చెప్తా.