బీఏ జపనీసా, బీటెక్కా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. రెండేళ్లుగా అనిమే (జపాన్ యానిమేషన్ సిరీస్‌లు) చూస్తూ జపనీస్ ముక్కలు మాట్లాడుతోంది. ఇప్పుడు బీఏ జపనీస్ చేస్తానంటోంది. వాళ్ల నాన్న బీటెక్ తప్ప ఇంకో మాట ఎత్తనివ్వరు. ‘యాప్ పెడితే అదే అనువాదం చేస్తుంది, దానికి మూడేళ్ల చదువెందుకు’ అంటారు. ఇంట్లో రోజూ గొడవే. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మాయి తరఫున ఒక మాట. జపనీస్ మహా కష్టమని ఎవరైనా భయపెడితే అది ఇంగ్లిష్‌వాళ్ల కష్టం, మనది కాదు. ‘తిని చూడు’ అని మనం ఎలా అంటామో వాళ్లూ అలాగే ‘తబెతె మితె’ అంటారు. తబెతె అంటే తిని, మితె అంటే చూడు. కళ్లతో చూడమని కాదు, రుచి చూడమనే. ‘నిన్న కొన్న పుస్తకం’ వాళ్ల నోట ‘కినో కత్త హొన్’. కినో నిన్న, కత్త కొన్న, హొన్ పుస్తకం. వరసలో ఒక్క మాట కూడా అటూ ఇటూ కాలేదు. క్రియ చివర్లోనే వస్తుంది. మనం ‘వస్తానని అన్నాడు’లో ‘అని’ వాడే చోట వాళ్లు ‘తొ’ వాడతారు.

ఉచ్చారణ దగ్గర మనకింకా లాభం. ఒబసన్ అంటే అత్తో పిన్నో, ఒబాసన్ అంటే బామ్మ. తేడా ఒక్క దీర్ఘం. కితె అంటే వచ్చి, కిత్తె అంటే పోస్టల్ స్టాంపు. తేడా ఒక్క ఒత్తు. ఎ, ఏ, ఒ, ఓ తేడా హిందీవాళ్లు కష్టపడి నేర్చుకోవాలి. మనకది ఒకటో తరగతి పాఠం. సునామీలో మొదటి అక్షరం నిజానికి ‘సు’ కాదు, మనం ‘చుక్క’ అన్నప్పుడు పలికే ‘చు’కు దగ్గర. వాళ్ల అక్షరాల వరస కూడా అ ఇ ఉ ఎ ఒ, ఆ తర్వాత క స త న హ మ య ర వ. ఇది మన వర్ణమాలలా ఉండటం యాదృచ్ఛికం కాదు. బౌద్ధంతో పాటు అక్కడికి చేరిన, సంస్కృతం రాసే మన ‘సిద్ధం’ అనే పాత లిపిని చదువుకున్న పండితుల వల్ల వచ్చిన వరస. జపనీస్, తమిళం చుట్టాలని సుసుము ఓనో అనే పండితుడు వాదించారు కూడా. చాలామంది భాషా శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదనుకోండి.

అయితే ఈ సౌఖ్యం మొదటి ఆరు నెలలే. హిరగన 46, కతకన 46 అక్షరాలు నెలలో వచ్చేస్తాయి. తర్వాత కంజి, అంటే చైనా నుంచి వచ్చిన, ఒక్కో గుర్తుకు ఒక అర్థం ఉండే లిపి మొదలవుతుంది. జపాన్ ప్రభుత్వం రోజువారీ వాడకానికి జాబితా చేసినవే 2,136. సంఖ్య కన్నా తలనొప్పి ఏంటంటే, ఒకే అక్షరం చోటును బట్టి వేరేగా పలుకుతుంది. మనిషి అనే కంజి రెండే గీతలు. ఒంటరిగా ఉంటే హితొ. నిహొన్‌జిన్ (జపాన్ దేశస్థుడు) అన్నప్పుడు జిన్. సన్నిన్ (ముగ్గురు) అన్నప్పుడు నిన్. రోజుకు గంట చొప్పున ఏళ్ల తరబడి రాయాలి. అనిమే ఇష్టం ఇక్కడే తేలిపోతుంది. పైగా అనిమే భాష ఆఫీసులో పనికిరాదు. హీరో స్నేహితుడితో మాట్లాడినట్టు మేనేజర్‌తో మాట్లాడితే, మనం పెద్దాయన్ని ‘ఒరేయ్’ అన్నట్టుంటుంది. మనకు నువ్వు, మీరు తేడా ఉన్నట్టే వాళ్లకూ మర్యాద భాష ఉంది, ఇంకా నాలుగు మెట్లు ఎక్కువ.

ఇక నాన్నగారి మాట. ఆయన అన్నదాంట్లో సగం నిజమే. ఉన్నదాన్ని ఉన్నట్టు అనువదించే పని మెషీన్లకు పోతోంది. కానీ మిగతా సగం చూడండి. నా దగ్గరకొచ్చిన ఒకమ్మాయి జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో పై నుంచి రెండో స్థాయి ఎన్2 పాసై, ఒక ఫ్యాక్టరీలో ఇంటర్‌ప్రెటర్‌గా చేరింది. మొదటి రోజే జపాన్ ఇంజినీరు ‘కనగత’ అన్నాడు. తెలియలేదు. ఫోన్లో చూస్తే డై (లోహాన్నో ప్లాస్టిక్‌నో ఆకారంలోకి తెచ్చే అచ్చు) అని వచ్చింది. ‘డై అంటే ఏంటో తెలుగులో చెప్పినా నాకు తెలియదు సార్’ అంది నాతో. భాష వచ్చింది, పని రాలేదు. ఆర్నెల్లు ఫిట్టర్ల పక్కన నిలబడి నేర్చుకుంది. ఇప్పుడు మీటింగ్‌లో వాళ్లు ‘కెంతో షిమస్’ (ఆలోచిస్తాం) అంటే అది చాలాసార్లు మర్యాదగా చెప్పే ‘కుదరదు’ అని మనవాళ్లకు ముందే హెచ్చరిస్తుంది. యాప్ ‘ఆలోచిస్తాం’ అని చెప్పి ఊరుకుంటుంది.

అందుకని నా సలహా: మీ అమ్మాయికి లెక్కలు, ఫిజిక్స్ నిజంగా నచ్చితే బీటెక్‌లోనే చేర్చండి, పక్కన జపనీస్ ఆపకండి. మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్ ఏదైనా సరే. జపాన్ ఐటీ కంపెనీల్లో రెండు వైపులా మాట్లాడే ‘బ్రిడ్జ్ ఇంజినీర్’ అనే ఉద్యోగమే వేరుగా ఉంది. మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే ఇసుజు, డైకిన్, కొబెల్కో ప్లాంట్లున్నాయి. లెక్కలంటే విసుగై, ఎంపీసీ మీ బలవంతం మీద తీసుకుని ఉంటే మాత్రం బీఏనే నయం. హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)లో, ఢిల్లీ జేఎన్‌యూలో బీఏ జపనీస్ ఉంది. జేఎన్‌యూకి సీయూఈటీ (కేంద్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. ఇంటర్ తర్వాత నేరుగా జపాన్‌లో డిగ్రీకి ఆ ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్ ఒకటుంది. సైన్స్ కోర్సులకు దాని పరీక్షలో లెక్కలు, సైన్సు వస్తాయి కాబట్టి ఎంపీసీ వృథా కాదు. పోటీ మాత్రం గట్టిది.

స్థాయిల గురించి ఒక్కమాట. జేఎల్‌పీటీ పరీక్ష ఎన్5 నుంచి ఎన్1 దాకా, జులై, డిసెంబరు నెలల మొదటి ఆదివారాల్లో జరుగుతుంది. ఎన్5 పాసవ్వాలంటే 180లో 80 రావాలి, ఒక్కో విభాగంలోనూ కనీస మార్కులుండాలి. దాన్ని చూసి ఉద్యోగం ఎవరూ ఇవ్వరు. ఎన్3 దాకా వస్తే మాట వినేవాళ్లుంటారు, ఎన్2తో తలుపు తెరుచుకుంటుంది. ఇందులో మాట్లాడే పరీక్ష లేదు, అన్నీ టిక్కులే. ఎన్2 ఉండి ఫోనెత్తడానికి భయపడేవాళ్లను చూశాను. కాబట్టి కోచింగ్ ఎంచుకునేటప్పుడు క్లాసులో పిల్లల చేత మాట్లాడిస్తారో లేదో వెళ్లి చూడండి. ‘ఆరు నెలల్లో జపాన్ వీసా గ్యారంటీ’ బోర్డులు నమ్మొద్దు. నైపుణ్య కార్మికుల వీసాకు భాషా పరీక్ష, పని పరీక్ష రెండూ పాసవ్వాలి. అది ఎవరూ గ్యారంటీ ఇచ్చేది కాదు.

ఇంటర్ పరీక్షలయ్యాక ఎంట్రన్సుల ప్రిపరేషన్ మధ్యలోనే రోజుకు గంట జపనీస్‌కు ఇవ్వమనండి. ఆరు వారాల తర్వాత హిరగన, కతకన, వంద కంజి అక్షరాలు చూడకుండా రాయమనండి. అమ్మాయి రాస్తుంటే వాళ్ల నాన్నను పక్కనే కూర్చోబెట్టండి. రాయగలిగితే ఫీజు గురించి అప్పుడు మాట్లాడుకోవచ్చు. రాయలేకపోయినా కసరొద్దు, అనిమే చూసుకోనివ్వండి.