ప్రొఫెసర్ గురించి రాయబోయే ముందు

చిరంజీవికి,

కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారి మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టడం, గిండీలో ఇంజనీరింగ్, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ, 1969లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో చేరడం, 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు. ఇంతా చదివాక కూడా ఆయన ఎలాంటి మనిషో నాకు అందలేదు. బయోడేటా చదివినట్టు అనిపించింది.

ప్రొఫెసర్ల జీవితంలో పైకి కనిపించే సంఘటనలు తక్కువ. కథంతా వాళ్లు పట్టుకున్న ప్రశ్నలో ఉంటుంది. మనిషి మాట్లాడేది యంత్రానికి ఎలా తెలుస్తుంది అన్నది ఆయన ప్రశ్న. నువ్వేమో 'స్పీచ్ రికగ్నిషన్‌లో ఆసక్తి' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అందులో కష్టం ఎక్కడుందో పాఠకుడికి తెలియాలి కదా! మాట్లాడేటప్పుడు మాటకూ మాటకూ మధ్య మనం ఆగం. ఒకే మాటను ఇద్దరు ఒకేలా పలకరు. శబ్దాన్ని బట్టి మాత్రమే మాటను తేల్చడం చాలాసార్లు కుదరదు, వాక్యమూ సందర్భమూ తెలియాలి. మరి మాటలే తేలకుండా వాక్యం ఎలా తెలుస్తుంది? పాఠకుణ్ణి ఇక్కడ కాసేపు ఆపు.

ఆ తర్వాత, మనిషి మాటను గుర్తుపట్టడానికి కార్నెగీ మెలన్‌లో ఆయన బృందం తయారుచేసిన హియర్‌సే-2 గురించి చెప్పు. అందులో అన్ని ప్రోగ్రాములకూ కలిపి ఒక బ్లాక్‌బోర్డు, అంటే అన్నీ చూడగలిగే, రాయగలిగే ఉమ్మడి చోటు, ఉంటుంది. శబ్దాల సంగతి తెలిసినది తన ఊహను దాని మీద పెడుతుంది. వ్యాకరణం తెలిసినది దాన్ని బలపరుస్తుంది, లేదా పక్కకు నెడుతుంది. నాకు చాలా ఇష్టమైన ఆలోచన ఇది. 1976లో అక్కడే వచ్చిన హార్పీ అనే ఇంకో సిస్టమ్ దారి వేరు. రాగల వాక్యాలన్నిటినీ ముందే ఒక నెట్‌వర్క్‌గా అల్లుకుని, 1,011 మాటల పరిధిలో వాక్యాలను గుర్తుపట్టింది. ఒకే చోట రెండు భిన్నమైన దారులు సాగాయంటే ఆ ప్రొఫెసర్ ఎలాంటివాడో కొంత తెలుస్తుంది. అవార్డుల పేరా కంటే నాకు ఇదే ముఖ్యం.

విద్యార్థులను అసలు వదిలేశావు. హార్పీ బ్రూస్ లోవెర్ పీహెచ్‌డీ పని. తర్వాత స్ఫింక్స్ అనే స్పీచ్ రికగ్నిషన్ సిస్టమ్ తయారుచేసిన కై-ఫు లీ కూడా రెడ్డి గారి శిష్యుడే. వాళ్లు లేకుండా ఆయన పరిశోధన గురించి రాయలేవు. 1979లో కార్నెగీ మెలన్‌లో మొదలైన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు ఆయన తొలి డైరెక్టర్ అన్నది ఒక్క వాక్యంలో చెబితే చాలు.

ఇంకొకటి. ట్యూరింగ్ అవార్డును ఆయన మరో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు. ఆ పేరు తప్పకుండా చేర్చి, కొత్త ప్రతి నాకు పంపు.