బ్యాంకు ఉద్యోగం మానేసి పెళ్లి ఫొటోగ్రఫీలోకి దిగొచ్చా? ఇంట్లో మాట్లాడటం మానేశారు

ప్రశ్న: అక్కా నమస్తే. మాది రాజమండ్రి, వయసు 32. ప్రైవేటు బ్యాంకులో లోన్స్ సెక్షన్‌లో చేస్తున్నా, చేతికి 38 వేలు వస్తాయి. పెళ్లై ఐదేళ్లు, మూడేళ్ల పాప ఉంది. కాలేజీ రోజుల నుంచి ఫొటోలంటే పిచ్చి. పొద్దున్నే గోదావరి గట్టు మీద, కడియం నర్సరీల్లో, పాపికొండల వైపు తీసినవి ఇన్‌స్టాలో పెడితే ప్రొఫెషనల్‌గా చెయ్యొచ్చు కదా అని అందరూ అంటున్నారు. ఉద్యోగం మానేసి వెడ్డింగ్ ఫొటోగ్రఫీ చేద్దామనుకుంటున్నా. మా నాన్నగారు రిటైర్డ్ హైస్కూల్ మాస్టారు, "బ్యాంకు వదిలేసి పెళ్లిళ్లలో ఫ్లాష్ కొట్టుకుంటావా" అన్నారు. ఆర్నెల్ల క్రితం మా ఆవిడకి చెప్పకుండా 2 లక్షల 80 వేలకి కెమెరా, రెండు లెన్సులు ఈఎంఐలో తీసుకున్నా, నెలకి 13 వేలు. ఈ మధ్య ఫోన్లో మెసేజ్ చూసి తెలుసుకుంది. గొడవ పడలేదు, మాటలు మానేసింది. మాఘంలో బావమరిది పెళ్లి, మావయ్యగారేమో "ఫొటోలు మీరే తీసెయ్యండి అల్లుడుగారూ" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే అంటున్నా, ఏమనుకోకు తమ్ముడూ. నువ్వు అడిగింది కెరీర్ గురించి, కానీ నేను ముందు ఈఎంఐ సంగతికొస్తా, ఎందుకంటే అది తేలకుండా మిగతావన్నీ మాట్లాడుకోవడం దండగ.

మీ ఆవిడ గొడవ పడి ఉంటే నయం. ఆమె కోపం కెమెరా మీద అనుకుంటున్నావేమో, నాకలా అనిపించట్లేదు. 38 లోంచి 13 పోతే 25, ఆ 25తో ఆర్నెల్లు ఇల్లు నడిపింది, పాలవాడికి ఎంత, పాప ప్లేస్కూల్‌కి ఎంత అని సర్దుకుంటూ, నెలాఖరుకి డబ్బులు ఎందుకు చాలట్లేదో అర్థంకాక తనే ఎక్కడో దుబారా చేస్తున్నాననుకుంటూ. ఇప్పుడు ఆ మెసేజ్ చూశాక ఆమెకి తెలిసింది ఏంటంటే తప్పు తన లెక్కలో లేదు, నువ్వు చూస్తూ కూడా చెప్పలేదు అని. రోజూ నీ టేబుల్ ముందు కూర్చున్నవాళ్లని "వేరే ఈఎంఐలు ఏమైనా ఉన్నాయా సార్, దాచకుండా చెప్పండి" అని అడిగేవాడివి నువ్వే కదా.

కాబట్టి పాప పడుకున్నాక ఒకరోజు రాత్రి ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని కూర్చో. ఈఎంఐ ఒక్కటే కాదు, బ్యాగు, మెమరీ కార్డులు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షను, క్రెడిట్ కార్డు బాకీ ఏమైనా ఉంటే అది, మొత్తం. సారీ చెప్పు, ఒక్కసారి చాలు. చీర కొని తెచ్చి ఇచ్చి చల్లబరుద్దామని మాత్రం చూడకు, అదీ నీ కార్డు మీదే కదా కొంటావు. ఇంకో మాట, అదే రోజు ఉద్యోగం మానేసే టాపిక్ ఎత్తకు. సారీ చెప్పి వెంటనే రిజైన్ చేస్తానంటే ఆ సారీ దేనికోసమో ఆమెకి తెలీదా ఏంటి.

సరే, ఇక పని సంగతి. నీ ఉత్తరం రెండుసార్లు చదివా, నువ్వు ఇష్టంగా తీసినవన్నీ గోదావరి, మొక్కలు, కొండలు. ఒక్క మనిషి ఫొటో గురించి రాయలేదు. కానీ దిగుదామనుకుంటున్నది పెళ్లిళ్లలోకి. సూర్యుడు నువ్వు ట్రైపాడ్ సర్దుకునేదాకా ఆగకపోయినా రేపు మళ్లీ వస్తాడు, పెళ్లిలో అలా కాదు. అర్ధరాత్రి ముహూర్తం, సాయంత్రం ఎదురుసన్నాహం నుంచి నిలబడే ఉన్నావు, కాళ్లు పీకుతున్నాయి, పురోహితుడు గారు సరిగ్గా నీ ఫ్రేముకి అడ్డంగా వంగి ఉన్నారు, మేళం అందుకుంది, అందరూ అక్షింతలు వేస్తున్నారు, తాళి మూడు ముళ్లు పడేలోపు నీకు దొరికేది కొన్ని సెకన్లు, ఆ టైముకి పెళ్లికూతురు పిన్ని ఫోన్ ఎత్తుకుని నీ లెన్సు ముందుకొచ్చి నిలబడుద్ది. ఆవిడని ఏమీ అనకూడదు, పక్కకి జరపాలి, అదీ నవ్వుతూ. అందరూ తిన్నాక నువ్వు తినాలి, మళ్లీ తెల్లారి అప్పగింతల టైముకి ఏడ్చేవాళ్లకి మరీ దగ్గరికి పోకుండా తీయాలి. ఇది చదివి నీకు ఉత్సాహం వచ్చిందా, నీరసం వచ్చిందా? అది నువ్వే చూసుకోవాలి, ఇన్‌స్టా లైకులు చెప్పవు.

అందుకే నేను చెప్పేది ముందు ఎవరైనా బాగా చేసే స్టూడియో వాళ్ల దగ్గర సెకండ్ షూటర్‌గానో, అంటే మెయిన్ ఫొటోగ్రాఫర్ పక్కన రెండో కెమెరా పట్టుకునే మనిషిగానో, కుదరకపోతే లైట్ పట్టుకోవడానికో వెళ్లు. శనివారం రాత్రి ముహూర్తాలు, ఆదివారాలు నీకు వీలవుతాయి కదా. కానీ దానికంటే ముందు ఒక పని, నీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదువు. బ్యాంకు ఉద్యోగులు పర్మిషన్ లేకుండా బయట సంపాదన చేయకూడదనే షరతు అందులో ఉండే అవకాశమే ఎక్కువ. ఉంటే హెచ్ఆర్‌కి రాతపూర్వకంగా అడుగు, జవాబు వచ్చేదాకా డబ్బులు తీసుకోకుండా నేర్చుకోవడానికే వెళ్లు. ఎవరో ఫేస్‌బుక్‌లో ట్యాగ్ చేస్తే అది మీ మేనేజర్ కంట పడి, మనం మానేసేలోపు వాళ్లే తీసేస్తే రిలీవింగ్ లెటర్ కూడా సరిగ్గా రాదు.

క్యాలెండర్ కూడా ఒకసారి ముందేసుకో. జీతం ఒకటో తారీఖుకి వస్తుంది, పెళ్లిళ్లు పంచాంగం ప్రకారం వస్తాయి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం ఉంటే ఊపిరి ఆడదు, ఆషాఢం, భాద్రపదం, పుష్యం వస్తే ఫోన్ మోగదు, మధ్యలో గురుమూఢమో శుక్రమూఢమో పడితే సీజనులో కూడా ఖాళీయే. మీకు మార్చిలో ఇయర్ ఎండింగ్, లీవు అడిగితే మేనేజరు మొహం ఎలా పెడతాడో నీకే తెలుసు, ఫాల్గుణం పెళ్లిళ్లు చాలావరకు అప్పుడే. పైగా 2027లో గోదావరి పుష్కరాలు. పుష్కరాల ఏడాది పెళ్లిళ్లు వద్దనుకునే కుటుంబాలు మన గోదావరి జిల్లాల్లో ఉన్నాయి, ముందే తొందరపడి చేసేసుకుంటారు. అంటే పుష్కరాలకి ముందు గిరాకీ బాగుందని నమ్మి ఉద్యోగం వదిలేస్తే తర్వాత బోసిపోవచ్చు. ఒక సీజనూ, దాని వెనకాల వచ్చే ఖాళీ నెలలూ రెండూ చూడకుండా రిజిగ్నేషన్ గురించి ఆలోచించకు.

డబ్బు లెక్క నీకు నేను చెప్పక్కర్లేదు గానీ ఒక ఉదాహరణ చూద్దాం. రెండు రోజుల పెళ్లికి 90 వేలు మాట్లాడుకున్నావు అనుకో. చుట్టాలందరూ "అబ్బో రెండు రోజులకి 90 వేలా" అంటారు. అందులోంచి వీడియో తీసే మనిషికి, అసిస్టెంటుకి, డ్రోన్ రెంటుకి, ఆల్బమ్ డిజైనింగు, ప్రింటింగుకి, వీడియో ఎడిటింగుకి, కారుకి తీసేస్తే నీ చేతిలో మిగిలేది మూడో వంతు అయినా గొప్పే, ఆపైన నువ్వు కంప్యూటర్ ముందు కూర్చునే రోజులకి ఎవరూ కూలీ లెక్కేయరు. అసలు బాధ బ్యాలెన్స్ దగ్గర వస్తుంది. ఆల్బమ్‌కి ఫొటోలు సెలెక్ట్ చేసి ఇవ్వండమ్మా అంటే చేస్తాం చేస్తాం అంటారు, ఈలోపు అబ్బాయి బెంగళూరో అమెరికానో వెళ్లిపోతాడు, సీమంతం టైముకి గుర్తొస్తుంది మన ఆల్బమ్ ఏదీ అని. అప్పటిదాకా మిగతా డబ్బులు రావు. అందుకే బుకింగ్ అప్పుడే అడ్వాన్సు, పెళ్లి రోజుకి చాలావరకు, ఆల్బమ్ ప్రింటుకి వెళ్లేముందు మిగిలింది, ఇది కాగితం మీద రాసి సంతకం పెట్టించుకో, సొంత చుట్టమైనా సరే. మెమరీ కార్డుల్లోని ఫొటోలు మాత్రం రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి, అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే కార్డులు ఫార్మాట్ చెయ్యి. పోయిన తలంబ్రాలు మళ్లీ తీయలేం.

ఇంకా సామాన్లు కొనకు. ఏదైనా పెద్ద లెన్సు కావాలంటే ఆ రోజుకి రెంటుకి తెచ్చుకో. డ్రోన్ అసలు కొనకు, 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని డబ్బులకి ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, పైగా మీకు మధురపూడి ఎయిర్‌పోర్టు దగ్గర, ఎక్కడపడితే అక్కడ లేపితే కుదరదు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లనే పెట్టుకో. రేపు నిజంగా స్టూడియో పెట్టే రోజు వస్తే ముద్ర లోన్లు నీ చేతి మీదుగానే ఎన్నో వెళ్లుంటాయి, అప్పుడు చూసుకోవచ్చు. ఇప్పటికి నీ టార్గెట్ ఒక్కటే పెట్టుకో, ఆ 13 వేలు కెమెరానే సంపాదించి కట్టాలి, జీతంలోంచి కాదు. అది వరసగా ఖాళీ నెలల్లో కూడా జరిగితే అప్పుడు ఉద్యోగం మానడం గురించి మీ ఆవిడే నీతో మాట్లాడుద్ది.

అన్నట్టు పెళ్లిళ్లే ఎందుకనుకుంటున్నావు? కడియంలో తీసిన మొక్కల ఫొటోలు ఊరికే ఇన్‌స్టాలో పెడుతున్నావు కదా, అక్కడి నర్సరీ వాళ్లు వాట్సాప్‌లో మొక్కల బొమ్మలు పంపించి బయట రాష్ట్రాలకి అమ్ముకుంటారు, ఫోన్లో తీసిన ఆ ఫొటోల్లో ఏది మందారమో ఏది కాగితంపూవో అర్థంకాదు. వాళ్లకి క్యాటలాగు చేసిపెట్టడం, బట్టల షాపులు, హోటళ్ల మెనూ ఫొటోలు, వీటికి ముహూర్తాలు లేవు, మూఢాలు లేవు. పెళ్లంత డబ్బు ఒకేసారి రాదు, నిజమే. కానీ నీ చేతికి వచ్చిన పని ఇది, ఖాళీ నెలలకి కూడా పనికొస్తుంది.

నాన్నగారి మాట గురించి. ఆయనకి ఫొటోలంటే చులకన అని నేననుకోను, "మాస్టారి అబ్బాయి బ్యాంకులో చేస్తున్నాడు" అని నలుగురిలో చెప్పుకునే మాట పోతుందని భయం. దాన్ని వాదించి గెలవలేవు. కావాలంటే ఒక సంగతి చెప్పు. రాజా దీన్ దయాళ్ పేరు విని ఉంటారు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరు, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపినాయన. ఆయన మొదట ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్‌లో ఉద్యోగి, 1874 ప్రాంతంలో సరదాగా కెమెరా పట్టుకున్నాడు, ఆ తర్వాత పదేళ్లపాటు ఉద్యోగం చేసుకుంటూనే తీశాడు, సెలవు పెట్టి బయట పని చూసుకుని ఆ తర్వాతే సర్కారు నౌకరీ వదిలాడు. ఇది నాన్నగారి కంటే నీకే ఎక్కువ చెప్తున్నా, అంత గొప్పాయన కూడా తొందరపడలేదు మరి. నాన్నగారితో అయితే ప్రస్తుతానికి "ఉద్యోగం మానట్లేదు నాన్నగారూ, సెలవుల్లో నేర్చుకుంటున్నా" అను, చాలు, అది నిజమే కదా.

మీ ఆవిడతో రెండో విడత కూర్చున్నప్పుడు ఇంకోటి కూడా చెప్పాలి. నువ్వు ఈ పనిలో ఉంటే మంచి ముహూర్తం రోజు చుట్టాలింట్లోనూ పెళ్లి ఉంటుంది, నువ్వు వేరేవాళ్ల పెళ్లిలో ఉంటావు. ఆమె పాపని తీసుకుని ఒక్కత్తే వెళ్లాలి, మీ ఆయన రాలేదా అని అడిగిన ప్రతివాళ్లకీ జవాబు చెప్పుకోవాలి. ఇది చిన్న విషయం అనుకోకు, ఫొటోగ్రాఫర్ల ఇళ్లల్లో డబ్బు కంటే దీనికే ఎక్కువ గొడవలు నేను విన్నా. ఆమె ఏమంటుందో విను, వెంటనే సమాధానం చెప్పకు.

ఇక బావమరిది పెళ్లి. వద్దు, నువ్వు తీయకు. మీ ఆవిడ ఆ పెళ్లిలో ఆడపడుచు, ఆమె పక్కన నువ్వుండాలి, ఇప్పుడున్న పరిస్థితిలో మరీను. ఫ్రీగా తీస్తే బాగా వచ్చినా లెక్కలోకి రాదు, ఒక్క మేనత్త ఫొటో మిస్సయితే మాత్రం ఇరవై ఏళ్లు చెప్పుకుంటారు. మావయ్యగారితో నువ్వే వెళ్లి చెప్పు, "నేను తీస్తే పెళ్లి ఫొటోల్లో నేనుండను మావయ్యగారూ, మంచి మనుషుల్ని నేనే చూసి మాట్లాడతా, ఆల్బమ్ డిజైన్ మాత్రం నా చేత్తో చేసిస్తా, అదే మా చదివింపు అనుకోండి" అని. ఈ మాట మావయ్యగారి దగ్గరికి వెళ్లేముందు మీ ఆవిడకి చెప్పి వెళ్లు.